ఉన్ని సంపదతో వెలసిన చర్చిలు: లాంగ్ మెల్ఫర్డ్, లావెనమ్

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కి, మార్క్స్ టేలో మరో రైలు పట్టుకుని సడ్‌బరీలో దిగితే, తూర్పు ఇంగ్లండ్‌లోని సఫోక్ కౌంటీలో ఉన్న ఈ రెండు ఊళ్లకూ బస్సులో చేరుకోవచ్చు. ఒక్క పూటే చేతిలో ఉన్నవారు మాత్రం సందేహించకుండా మెల్ఫర్డ్‌కే వెళ్లాలి.

అక్కడి హోలీ ట్రినిటీ చర్చిని 15వ శతాబ్దం ద్వితీయార్ధంలో, ఉన్నిబట్టల వ్యాపారులు గడించిన ధనంతో తిరిగి నిర్మించారు. సఫోక్‌లో చెక్కడానికి అనువైన రాయి దొరకదు, చెకుముకి రాయి మాత్రం పుష్కలం. పగలగొడితే నల్లగా నిగనిగలాడే ఆ రాతిని, దూరం నుంచి తెప్పించిన లేతరంగు రాతి చట్రాల నడుమ పొదిగి గోడలను అలంకరించారు. దాతల పేర్లూ, తమ ఆత్మల కోసం ప్రార్థించమనే వారి వేడికోలూ పిట్టగోడ వెంట అక్షరాలై సాగుతాయి. మన ఆలయాల దానశాసనాలను ఆసక్తిగా చదివేవారు ఈ గోడ దగ్గర నుంచి త్వరగా కదలలేరు.

లోపల జనం కూర్చునే భాగానికీ బలిపీఠం ఉన్న భాగానికీ మధ్య అడ్డుగా కమాను లేదు కాబట్టి చూపు ఆ చివరి వరకూ నేరుగా సాగుతుంది. పైకప్పు రాతిది కాక చెక్కది కావడం వల్ల గోడలపై ఒత్తిడి తగ్గి, సన్నని స్తంభాల మీద అంత పొడవైన కిటికీల వరుసను నిలపడం సాధ్యమైంది. 1496లో పూర్తయిన లేడీ చాపెల్‌ను (మేరీమాత పేరిట కట్టిన ప్రార్థనా మందిరాన్ని) తరువాతి కాలంలో బడిగా వాడారు. ఆనాటి ఎక్కాల పట్టిక నేటికీ గోడ మీద కనిపిస్తుంది. గోపురానికి 1898-1903 మధ్య వాస్తుశిల్పి బోడ్లీ నేటి రూపమిచ్చినా, పాత గోడల పక్కన అది పరాయిదిగా అనిపించదు.

లావెనమ్ చర్చికి 141 అడుగుల గోపురమే ప్రాణం. దాని కోసం బట్టల వ్యాపారి థామస్ స్ప్రింగ్ 1523 నాటి వీలునామాలో 200 పౌండ్లు కేటాయించాడు. బలిపీఠం వైపు భాగం 14వ శతాబ్దానిదే కావడంతో, మెల్ఫర్డ్‌లోని ఏకత్వం ఇక్కడ లోపల కనిపించదు.

బసకు మాత్రం లావెనమే మేలు. మేము దిగిన పాత కలప ఇంట్లో గది శుభ్రంగా, ఉదయపు ఫలహారం రుచిగా ఉన్నా, మెట్లు మరీ ఇరుకు; పెద్దవారు తోడుంటే కింది గది ముందే అడగడం మంచిది. ఆదివారం ఉదయం ప్రార్థనలు ఉంటాయి కాబట్టి చూడటానికి మరో వేళ ఎంచుకోండి, మెల్ఫర్డ్‌లోని మధ్యయుగపు రంగుటద్దాల కోసం బైనాక్యులర్ తీసుకెళ్లండి.