పెట్రోల్ అయిపోయేదాకా నడపాలా, స్క్రూ విప్పి దించేయాలా?

రెండు నెలల కిందట చక్కగా నడిచిన చిన్న బోటు ఇంజన్ ఇవాళ తాడు ఎంత లాగినా పలకదు. ఒకవేళ పలికినా చోక్ వేసి ఉన్నంతసేపే. చోక్ తీయగానే రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. ప్లగ్గు మార్చి చూస్తాం, తాడు లాగి లాగి భుజం నొప్పి తెచ్చుకుంటాం. తీరా చూస్తే చాలాసార్లు పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్‌లో ఒక చిన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది.

ఎంత చిన్నదంటే, విప్పి చేతిలో పెట్టుకుంటే గానీ నమ్మబుద్ధి కాదు. ఐడిల్‌లో, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, దానికి పెట్రోల్ అందించే పైలట్ జెట్టు చిన్న ఇత్తడి ముక్క. చాలా ఇంజన్లలో దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, బాగున్న జెట్టులో సూదిమొనంత గుండ్రటి వెలుగు చుక్క కనిపిస్తుంది. పట్టేసిన జెట్టులో ఆ చుక్క నెలవంకలా సగమే ఉంటుంది, లేదంటే అసలే ఉండదు.

కార్బురేటర్ కింది గిన్నెలో ఎప్పుడూ కొంచెం పెట్రోల్ నిలిచి ఉంటుంది. ఆ గిన్నెకు గాలి దారి ఉంటుంది కాబట్టి పెట్రోల్‌లోని తేలిక భాగం ముందు ఎగిరిపోతుంది. మిగిలింది టీ డికాషన్ రంగుకు తిరిగి, జిగురై, చివరకు వార్నిష్‌లా గట్టిపడుతుంది. మోటారును పక్కన పెట్టేటప్పుడు ఈ కొంచెం పెట్రోల్‌ను ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఎక్కువమంది చేసేది, పైపు ఊడదీసి లేదా పెట్రోల్ కాక్ కట్టేసి, దానంతట అది ఆగేదాకా ఇంజన్ నడపడం. పనిముట్టు అక్కర్లేదు, చేతికి పెట్రోల్ వాసనా అంటదు. నేనూ చాలాకాలం ఇదే చేసి, గిన్నె ఖాళీ అయిపోయిందనే అనుకున్నాను. ఒకసారి అనుమానం వచ్చి, ఇంజన్ ఆగిన వెంటనే అడుగు స్క్రూ విప్పి కింద మూత పట్టాను. చెంచాడుకు పైనే కారింది. ఇంజన్ ఆగిందంటే జెట్టుకు పెట్రోల్ అందలేదని అర్థం, అడుగున ఏమీ లేదని కాదు. పైగా నీళ్లూ నలుసులూ చేరేది ఆ అడుక్కే. టూ స్ట్రోక్ అయితే ఆ మిగులులో ఆయిల్ కూడా ఉంటుంది, పెట్రోల్ ఎగిరిపోయాక అది అక్కడే అంటుకుని ఉంటుంది.

ఇంకో సంగతి. బోటును నీళ్లలోంచి తీసి ఒడ్డున పెట్టాక ఈ పని మొదలుపెడితే, మోటారు కింది భాగాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచకుండా ఇంజన్ నడపకండి. నీళ్లు అందకపోతే, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల పంపులోని రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) చూస్తుండగానే పాడైపోతుంది. కార్బురేటర్‌ను కాపాడబోయి ఇంపెల్లర్‌ను పోగొట్టుకున్నట్టవుతుంది.

రెండో పద్ధతి, గిన్నె అడుగునున్న డ్రెయిన్ స్క్రూ విప్పి ఉన్నదంతా దించేయడం. ఇంజన్ చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తో విప్పాలి. ఆ స్క్రూ లోహం మెత్తన, గాడి అరిగిపోతే తర్వాత ఏడ్పిస్తుంది. కింద గుడ్డ పరచకపోతే స్క్రూ ఎక్కడో దొర్లిపోయి, దాని కోసం అరగంట నేల మీద పాకాల్సి వస్తుంది. ఇది మాత్రం అనుభవంతో చెబుతున్నా! నీటి మీద ఉండగా ఈ పని వద్దు. పెట్రోల్ నీళ్లలో కలవడం ఎవరికీ మంచిది కాదు, స్క్రూ పడితే ఇక దొరకదు.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది వేరే ఉంది. దించిన పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టి కాస్త వంచండి. అడుగున పాదరసం పూసల్లా దొర్లుతుంటే అవి నీళ్లు. నల్లటి రేకులు కనిపిస్తే పాత పైపు లోపలి పొర ఊడుతోందని అర్థం. తెల్లటి పొడి కనిపిస్తే గిన్నె లోహమే తినేస్తోంది. ట్యాంకు, పైపు, గిన్నె, మూడింటి సంగతీ ఒక్క సీసాలో తెలిసిపోతుంది. ఇంజన్ ఆగేదాకా నడిపితే ఇవేవీ కంటపడవు.

అయితే ఒక్క స్క్రూ విప్పినంత మాత్రాన పైన సన్నటి దారుల్లో నిలిచిన చుక్కలు దిగిపోవు. వాటిని ఇంజనే పీల్చుకోవాలి. అందుకే నెలకు పైగా పక్కన పెడుతున్నామంటే ముందు ఆగేదాకా నడపడం, చల్లారాక స్క్రూ విప్పడం, రెండూ చేయాలి. ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం నా ఓటు స్క్రూకే. గిన్నె ఎండితే గాస్కెట్లు, అంటే అతుకుల మధ్య పెట్టే పట్టీలు, బిగుసుకుపోతాయని కొందరు అంటారు. కావచ్చు, కానీ గాస్కెట్ మార్చడం ఎంతసేపు? గట్టిపడిన జిగురును సన్నదారిలోంచి తీయడం అంత తేలిక కాదు.

మూడోది పెట్రోల్‌లో స్టెబిలైజర్ అనే మందు కలపడం. పెట్రోల్ గాలితో కలిసి జిగురుగా మారడాన్ని ఇది నెమ్మదింపజేస్తుంది, అబద్ధం కాదు. కానీ తాజా పెట్రోల్‌లోనే కలపాలి. ఇప్పటికే పాడైనదాన్ని బాగుచేయలేదు. కలిపాక ఇంజన్‌ను ఓ పది నిమిషాలు నడపకపోతే మందు ట్యాంకులోనే ఉంటుంది, గిన్నెలో పాత పెట్రోలే ఉంటుంది. గిన్నెలోంచి ఆవిరైపోవడాన్ని అది ఆపలేదు కూడా. మూత బిగించిన ట్యాంకుకు మంచిదే, గిన్నె దించే పనికి మాత్రం బదులు కాదు.

ఇథనాల్ కలిసిన పెట్రోల్ విషయంలో ఈ మందును నమ్ముకోవడం మరీ ప్రమాదం. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌లో నీళ్లు సుమారు అర శాతం దాటితే, అంటే లీటరుకు ఓ చెంచాడు చేరితే, ఇథనాలూ నీళ్లూ ఒక్కటై విడిపోయి అడుక్కి దిగుతాయి. ట్యాంకులో పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. ఒకసారి విడిపోయాక ఏ మందూ తిరిగి కలపలేదు, పారబోయాల్సిందే, అదీ నేల మీద కాదు. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

ఫిల్టర్ వేశాం కదా, ఇవన్నీ ఎందుకంటారా? ఫిల్టర్ నలుసుల్ని ఆపుతుంది, నీళ్లు వేరుచేసే రకమైతే నీళ్లనూ ఆపుతుంది. జిగురు పుట్టేది ఫిల్టర్ దాటాక గిన్నెలో కదా, దాన్ని ఎలా ఆపుతుంది? ఫిల్టర్ ఉండాలి, కానీ అది వేరే జబ్బుకు మందు.

వారానికోసారి బోటు తీసేవాళ్లు వీటిలో ఏదీ చేయకపోయినా ఫర్వాలేదు, గిన్నెలోకి కొత్త పెట్రోల్ వస్తూనే ఉంటుంది. రెండు మూడు వారాల విరామమైతే ఆగేదాకా నడిపితే చాలు. ఇప్పటికే పట్టేసిందా? అయితే జెట్టులోకి ఇనుప తీగ దూర్చకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక ఐడిల్ కుదరదు. కార్బురేటర్ స్ప్రేలో నానబెట్టి, సన్నటి నైలాన్ గేలపు దారంతో శుభ్రం చేయండి.

గిన్నె దించిన రోజున తాడు పిడికి ఒక చీటీ కట్టి ఉంచుతాను: ‘గిన్నె ఖాళీ, బల్బు గట్టిపడేదాకా నొక్కు’ అని. బల్బంటే పెట్రోల్ పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డి, నొక్కితే పెట్రోల్ గిన్నెలోకి వస్తుంది. లేకపోతే రెండు నెలల తర్వాత ఆ సంగతి మర్చిపోయి, ఊరికే తాడు లాగుతూ మళ్లీ జామ్ అయిందేమోనని టెన్షన్ పడేది నేనే.