స్క్వయర్ సోనిక్ స్ట్రాట్, ఫెండర్ ఫ్రంట్‌మన్ 10జి: డబ్బు ముందు దేనిమీద పెట్టాలి?

ఫెండర్ వాళ్ల చవక ఎలక్ట్రిక్ గిటార్ స్క్వయర్ సోనిక్ స్ట్రాట్ కొన్నవాళ్లలో చాలామంది మొదటి నెల తిరక్కుండానే పికప్స్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంత చుట్టలు) మార్చేద్దామని ఆన్‌లైన్‌లో వెతుకుతుంటారు. ఆ పని అన్నిటికన్నా చివర రావాలి. ఈ గిటార్‌లో చెక్క బాగుంటుంది, నెక్ ఇంకా బాగుంటుంది. కంపెనీ మిగుల్చుకున్నది చేతిపని మీద. ఆ మిగిలిపోయిన పనిని ఇంట్లో కూర్చుని పూర్తిచేసి, పికప్స్‌కి అనుకున్న డబ్బుని ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే స్పీకరు పెట్టె) వైపు మళ్లిస్తే వినపడే తేడా చాలా ఎక్కువ.

సోనిక్ సిరీస్ 2023లో పాత బుల్లెట్ సిరీస్ స్థానంలో వచ్చింది. పాప్లర్ చెక్క బాడీ, మేపుల్ నెక్, లారెల్ లేదా మేపుల్ ఫింగర్‌బోర్డ్, 21 ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు), మూడు సెరామిక్ సింగిల్ కాయిల్ పికప్స్. స్కేల్ (తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలు, అంటే ఖరీదైన స్ట్రాట్‌కి ఎంతో దీనికీ అంతే. బాడీ మాత్రం మామూలు స్ట్రాట్ కన్నా పల్చన. భుజానికి హాయి, కానీ విడిభాగాలు కొనేటప్పుడు ఇదే తలనొప్పి. దాని సంగతి కింద చెప్తాను. వామీ బార్ (తీగల కింది కొసలు ఆనే బ్రిడ్జ్‌ని ఊపి స్వరం మార్చే కడ్డీ; అలా ఊగే బ్రిడ్జే ట్రెమొలో) వాడే ఉద్దేశం లేకపోతే హెచ్‌టి అని రాసి ఉండే, బ్రిడ్జ్ కదలని హార్డ్‌టెయిల్ మోడల్ తీసుకోండి. శ్రుతి తప్పడానికి ఉన్న కారణాల్లో సగం అక్కడే పోతాయి.

మొదట తీగలు. 9-42 (సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) నికెల్ సెట్ ఐదారు వందల్లో దొరుకుతుంది. లావు తీగలు వేస్తే సౌండ్ బాగుంటుందని 10-46కి వెళ్తే లాగుడు పెరుగుతుంది, నెక్ ముందుకు వంగుతుంది, ట్రెమొలో బ్రిడ్జ్ వెనకవైపు పైకి లేస్తుంది, నట్ (నెక్ తలవైపు తీగలు ఆనే పట్టీ) గాళ్లలో తీగ ఇరుక్కుంటుంది. అవన్నీ మళ్లీ సరిచేసుకునే ఓపిక ఉంటేనే మార్చండి. ట్యూనర్ పోస్ట్‌కి (తలవైపు తీగ చుట్టే మరకి) రెండు మూడు చుట్లు చాలు. చుట్టాక ఒక్కో తీగనీ పన్నెండో ఫ్రెట్ దగ్గర పట్టుకుని మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేయాలి. లాగినా దిగకుండా నిలబడేదాకా ఇదే పని. కొత్త గిటార్ ట్యూనర్లు పాడని తిట్టేవాళ్లలో చాలామంది చేయనిది ఈ ఒక్కటే.

తర్వాత నెక్ వంపు. తీగలు శ్రుతిలో ఉండగా మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్) పెట్టి, అన్నిటికన్నా లావైన ఆరో తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడాలి. పావు మిల్లీమీటరు, అంటే 0.25 మి.మీ. ఉంటే సరి. కొలవడానికి ఫీలర్ గేజ్ కావాలి; మ్యూజిక్ షాపులో అడగక్కర్లేదు, బైక్ ట్యాపెట్లు సరిచేసే ఆకుల సెట్టే ఇది, ఏ ఆటో స్పేర్స్ షాపులోనైనా ఉంటుంది. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలుండే ఇనప కడ్డీ) కుడివైపు బిగించాలి, తక్కువైతే వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు. తిప్పాక శ్రుతి చేసి మళ్లీ కొలవండి. గట్టిగా బిగుసుకున్న రాడ్‌ని బలం పెట్టి తిప్పితే నెక్ పోతుంది.

వంపు కుదిరాకే తీగల ఎత్తు. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగుకి 1.6 మి.మీ. అని ఫెండర్ వాళ్ల సెటప్ లెక్క. ఒక్కో శాడిల్‌కీ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే దిమ్మ) రెండు చిన్న స్క్రూలుంటాయి, పెట్టెలో వచ్చిన చిన్న అలెన్ కీతో తిరుగుతాయి. రెండింటినీ సమంగా తిప్పి శాడిల్ ఒక పక్కకి ఒరగకుండా చూసుకోవాలి. తీగ గరగరమంటే ఎక్కడ అంటోందో వినండి. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే అయితే నెక్ మరీ తిన్నగా ఉంది, ట్రస్ రాడ్ కాస్త వదలాలి. పన్నెండు దాటాక అయితే ఎత్తు చాలలేదు. ఒకే ఒక్క చోట అయితే పక్క ఫ్రెట్ పైకి లేచింది. ఏటీఎం కార్డ్‌లో సరిగ్గా మూడు ఫ్రెట్లకి అందే అంచుని వాటి మీద నిలబెట్టి ఊపితే ఊగిన చోట మధ్య ఫ్రెట్‌దే తప్పు.

మన సంగీతం వాయించాలనుకునేవాళ్లకి ఇక్కడ చిన్న సవరణ. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని ఐదు తీగలకి మార్చుకుని కర్ణాటక గమకాలు పలికించారు. గిటార్ మీద ఆ పని చేయాలంటే తీగని పక్కకి లాగడమే దారి. ఈ ఫింగర్‌బోర్డ్ గుండ్రం 9.5 అంగుళాల రేడియస్. ఎత్తు మరీ తగ్గించి మొదటి తీగని పన్నెండు పైన లాగితే, తీగ ఫింగర్‌బోర్డ్ మధ్య ఉబ్బుమీదికి ఎక్కి వేరే ఫ్రెట్‌కి తగిలి స్వరం చచ్చిపోతుంది. సన్నవైన మొదటి రెండు తీగల్నీ 1.8 మి.మీ.కి లేపితే ఈ బాధ తప్పుతుంది. వేలికి పెద్ద తేడా తెలీదు.

నట్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. తీగని రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి; పల్చని కాగితం దూరేంత ఉంటే చాలు. ఈ ధర గిటార్లకి నట్ గాళ్లు తరచు ఎత్తుగానే వదిలేస్తారు. అందుకే మొదటి స్థానంలో ఎఫ్ కార్డ్ నొక్కితే వేళ్లు నొప్పెట్టేది, పైగా ఆ కార్డ్ శ్రుతి హెచ్చుగా పలికేది. ట్యూనర్ తిప్పుతుంటే టిక్కుమని చప్పుడొస్తే తీగ గాడిలో ఇరుక్కుంటున్నట్టు. మెత్తటి పెన్సిల్ ములుకుని గాడిలో రుద్దితే అది పోతుంది. గాడి లోతు చేయడానికి మాత్రం ఆ తీగ మందానికి సరిపోయే నట్ ఫైల్ కావాలి, మామూలు ఆకురాయి పనికిరాదు. ఫైల్స్ సెట్ ఖరీదు ఎక్కువ కాబట్టి ఈ ఒక్క పనికి రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లడమే లాభం. పొరపాటున గాడి మరీ లోతై, వేలు పెట్టకుండానే తీగ గరగరమంటే నట్ పారేయక్కర్లేదు. గాడిలో చిటికెడు వంట సోడా అద్ది ఒక్క చుక్క ఫెవిక్విక్ వేస్తే క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది. మళ్లీ గాడి కోసుకోవచ్చు.

ఫ్రెట్ల చివరలు చేతికి గీరుకుంటే చెక్క ఆరి కాస్త కుంచించుకుపోయిందని అర్థం. ఏసీ గదుల్లో, ఎండాకాలంలో ఇది ఎక్కువ. ఫింగర్‌బోర్డ్‌కి మాస్కింగ్ టేప్ వేసి, చివరల్ని సన్న ఫైల్‌తో ఏటవాలుగా రెండు మూడు సార్లు రుద్దితే చాలు. ఫ్రెట్లని బ్రాసోతో మెరిపించవచ్చు, అప్పుడూ చెక్కకి టేప్ తప్పనిసరి. స్టీల్ ఊల్ జోలికి వెళ్లొద్దు. దాని నలుసులు పికప్ అయస్కాంతాలకి పట్టుకుంటే ఓ పట్టాన వదలవు. లారెల్ బోర్డ్ పాలిపోయినట్టుంటే నాలుగు చుక్కల మినరల్ ఆయిల్ పూసి తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు, ముక్కిపోతుంది. మేపుల్ బోర్డ్‌కి పైన పూత ఉంటుంది కాబట్టి ఏ నూనే అక్కర్లేదు.

ట్రెమొలో ఉన్న మోడల్ అయితే వెనక మూత తీసి, స్ప్రింగ్‌లు తగిలించిన క్లా అనే రేకుని పట్టి ఉంచే రెండు పొడుగు స్క్రూలని బిగించండి. బ్రిడ్జ్ బాడీకి అతుక్కుని కదలకుండా ఉంటుంది, తీగ తెగినా మిగతావి శ్రుతి తప్పవు. మూడు స్ప్రింగ్‌లతో ఆగకపోతే మరో రెండు తగిలించాలి. ఇంటొనేషన్ (నెక్ పొడుగునా శ్రుతి కుదరడం) ఆఖరున: పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్‌నీ (తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటితే వచ్చే స్వరం) అక్కడే నొక్కిన స్వరాన్నీ శ్రుతి చూపే ట్యూనర్‌లో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్ వెనక్కి, తగ్గి ఉంటే నెక్ వైపు ముందుకి.

ఇక పికప్స్. సెరామిక్ పికప్స్ చెవిలో గుచ్చుతున్నాయనేది అందరి ఫిర్యాదు. మార్చే ముందు కిందకి దించి చూడండి: తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, పికప్ పైనుంచి తీగ అడుగుకి కొలిస్తే లావు తీగ వైపు 2.4 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. గుచ్చుకోవడం సగం తగ్గుతుంది. మిగతా సగానికి మందు రెండంగుళాల వైరు. మామూలు స్ట్రాట్ వైరింగ్‌లో బ్రిడ్జ్ పికప్‌కి టోన్ నాబ్ ఉండదు, కింది టోన్ నాబ్ మధ్య పికప్ ఒక్కదానికే. పికప్ ఎంచుకునే అయిదు స్థానాల స్విచ్‌లో టోన్ వైపు ఖాళీగా ఉన్న బ్రిడ్జ్ కాలినీ, పక్కనే మధ్య పికప్ టోన్ కాలినీ చిన్న వైరుతో కలిపి సోల్డర్ చేస్తే ఆ నాబ్ రెండింటికీ పనిచేస్తుంది. పెట్టెలా మూసి ఉండే చైనా స్విచ్ అయితే కాళ్ల వరస వేరుగా ఉంటుంది కాబట్టి మల్టీమీటర్‌తో చూసుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ పెట్టండి.

జుయ్ మనే హమ్‌కి రాగి టేప్ మందు. పికప్స్ కూర్చునే గుంత మొత్తం, పిక్‌గార్డ్ (పైనుండే ప్లాస్టిక్ పలక) అడుగూ కప్పి, ఆ రేకుని ఎర్త్ వైరుకి కలపాలి. జిగురు వైపు కూడా కరెంట్ పారే రకం టేప్ తీసుకోండి, లేకపోతే అతుకుల దగ్గర సోల్డర్ చుక్కలు పెట్టాలి. ఈ చివర నుంచి ఆ చివరకి మల్టీమీటర్ బీప్ కొడితే సరిగ్గా అంటినట్టు. స్విచ్ కాళ్లు గానీ జాక్ కొస గానీ రేకుకి తగిలాయంటే గిటార్ మూగబోతుంది, అక్కడ ఇన్సులేషన్ టేప్ వేయండి. ఇంతా చేసినా సింగిల్ కాయిల్ హమ్ పూర్తిగా పోదు, తగ్గుతుందంతే. తీగలు ముట్టుకోగానే హమ్ తగ్గితే బ్రిడ్జ్ ఎర్త్ బాగున్నట్టు. ముట్టుకుంటే పెరిగితే ఆ వైరు ఊడిందేమో, ఇంటి ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ అసలుందో లేదో చూడాలి.

ఇవన్నీ అయ్యాకా పికప్స్ మార్చాల్సిందే అనిపిస్తే, కొనేముందు కొలిచే స్కేల్ పట్టుకోండి. పిక్‌గార్డ్ స్క్రూ రంధ్రాలు అసలు స్ట్రాట్‌తో కలవకపోవచ్చు, పాత గార్డ్‌ని కాగితం మీద గీసి పోల్చండి. నాబ్‌ల అడుగుండే పాట్స్ పెద్ద సైజువైతే వాటి కాడలు ఈ గార్డ్ రంధ్రాల్లో పట్టవు, తొలుచుకోవాలి. బ్రిడ్జ్ మారిస్తే మొదటి, ఆరో స్క్రూల మధ్య దూరం కొలవండి, బజారులో 52.5 మి.మీ., 56 మి.మీ. లాంటి వేర్వేరు రకాలున్నాయి. పొడుగు ట్రెమొలో బ్లాక్ ఈ పల్చని బాడీలోంచి వెనక బయటికి పొడుచుకొస్తుంది.

ఆంప్ సంగతి. ఫ్రంట్‌మన్ 10జి పది వాట్లు, ఆరంగుళాల స్పీకరు. గెయిన్, ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని గరుకుగా మార్చే) బటన్, వాల్యూమ్, ట్రెబుల్, బేస్. క్లీన్ సౌండ్ ఈ ధరకి నిజంగా బాగుంది. లోపలి ఓవర్‌డ్రైవ్ మాత్రం తేనెటీగల తుట్టెలా రొద పెడుతుంది. క్లీన్‌లోనే ఉంచి ముందు ఒక చవక ఓవర్‌డ్రైవ్ పెడల్ పెడితే ఆంప్ స్థాయే మారిపోతుంది. నేల మీద పెడితే బేస్ గుమ్ముమంటుంది. స్టూల్ మీద చెవి ఎత్తుకి దగ్గరగా పెట్టి, బేస్ సగానికి దించండి. ఫోన్ కలిపే ఆక్స్ సాకెట్‌ని బ్యాకింగ్ ట్రాక్స్‌కే వాడతారు గానీ, ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి అందులోంచి శ్రుతి వదిలి సాధన చేయడం దీనితో వచ్చే పెద్ద సుఖం. డ్రమ్స్ పక్కన వాయించడానికి ఇది చాలదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

స్పీకర్ మార్చడం దండగ, ఆ సైజులో మంచివి అరుదు. పన్నెండంగుళాల క్యాబినెట్ దొరికితే లోపలి స్పీకర్ వైర్లు దానికి కలపవచ్చు. పది వాట్లేనా ఇవి అనిపిస్తుంది. అయితే లోపలి స్పీకర్ వెనక రాసున్న ఓమ్స్ కన్నా తక్కువది కలిపితే ఆంప్ కాలిపోవచ్చు. కొన్ని ట్రాన్సిస్టర్ ఆంప్‌లలో స్పీకర్ మైనస్ వైరు నేరుగా ఎర్త్ కాదు కాబట్టి జాక్ పెడితే ప్లాస్టిక్‌దే పెట్టి, చాసిస్‌కి తగలకుండా చూడాలి.

అంత శ్రమ వద్దనుకుంటే పికప్స్ డబ్బుకి ఇంకొంచెం కలిపి మోడలింగ్ ఆంప్ (రకరకాల ఆంప్‌ల సౌండ్‌ని అనుకరించేది) తీసుకోండి. మస్టాంగ్ ఎల్‌టి25లో ఎనిమిదంగుళాల స్పీకరు, యూఎస్‌బీ ఉన్నాయి, ఇంటికి నా ఓటు దానికే. బాస్ కటానా మినీ మోడలింగ్ కాదు గానీ చిన్నది, ఆరు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. కరెంట్ పోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఏ ఆంప్ అయినా బర్రుమంటుంది, సైన్ వేవ్ అయితే ఫర్వాలేదు. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా రొదకి కారణమే. ఫ్యాన్ ఫుల్‌లో పెట్టో, కూర్చున్న దిక్కు మార్చో చూడండి.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో ఆంప్ తెప్పించుకునేవాళ్లు వెనక రాసున్నది చదివాకే ప్లగ్ పెట్టండి. 120 వోల్ట్ అని మాత్రమే ఉంటే మన 230 మీద పెట్టిన మరుక్షణం ఫ్యూజో ట్రాన్స్‌ఫార్మరో పోతుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజ్ మార్చదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు ఆంప్ వెనక రాసున్న వాట్లకి కనీసం రెట్టింపు ఉన్నది, ఎర్త్ పిన్‌తో ఉన్నది అడగండి. గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి కాబట్టి, ఎర్త్ తప్పించే టూ-పిన్ కన్వర్టర్ మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా వాడొద్దు.