అమ్మమ్మకి ఒక్క డైలాగు కూడా లేని కొరియన్ సినిమా: ‘ది వే హోమ్’

విదేశీ సినిమా పెడదామంటే మా ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట ఒకటే: "ఆ కింద అక్షరాలు చదువుకుంటూ కూర్చుంటే బొమ్మ ఎప్పుడు చూస్తాం?" అలా అనేవాళ్లు ఎవరైనా సరే, ముందుగా చూడాల్సింది 2002లో వచ్చిన కొరియన్ సినిమా ‘ది వే హోమ్’ అని నా గట్టి నమ్మకం. కొరియన్‌లో దీని పేరు ‘జిబురో’. లీ జంగ్ హ్యాంగ్ అనే దర్శకురాలు తీసింది. గంటన్నర లోపే అయిపోతుంది. ఇందులో అమ్మమ్మకి మాటలు రావు. మనవడు అరుస్తాడు, తిడతాడు, గునుస్తాడు. ఆవిడ చేతులతో, కళ్లతో చెప్తుంది, అంతే. ఇంగ్లీషు రాని మా అమ్మ కూడా "ఏమంటోంది, ఏమంటోంది" అని ఎవరినీ అడక్కుండా చూసేసింది. అవసరమైన చోట మాత్రం మా అమ్మాయి నాలుగు ముక్కలు తెలుగులో చెప్పింది.

కొరియన్ సీరియళ్ల పిచ్చి మా అమ్మాయిదే. ఇంటర్ చదువుతోంది. ఇందులో మనవడిగా చేసిన, ఇప్పుడు హీరోగా చేస్తున్న యూ సుంగ్ హో చిన్నప్పుడు ఇలా ఉండేవాడు చూడండి అని చూపించడానికి పెట్టింది. నేను బ్లౌజులు కుట్టుకుంటూ ఒక చెవి అటు వేద్దామనుకున్నాను. కాసేపటికి మిషన్ ఆపేశాను.

కథ చాలా చిన్నది. సియోల్‌లో ఒంటరిగా కొడుకుని పెంచుతున్న తల్లికి బతుకుతెరువు దెబ్బతింటుంది. పని వెతుక్కునేదాకా ఏడేళ్ల సాంగ్ వూని ఊళ్లో ఉన్న తన తల్లి దగ్గర వదిలి వెళ్తుంది. వాడు ఆ అమ్మమ్మని ఎప్పుడూ చూసి ఎరగడు. నడుము పూర్తిగా వంగిపోయిన మనిషి, కొండ మీద పాత ఇల్లు, కరెంటు బొమ్మలకి అలవాటు పడ్డ పిల్లాడు. వాడి చేతిలో వీడియో గేమ్, సంచీలో డబ్బా తిండి. ఆవిడ ఏం పెట్టినా ముట్టడు. నానా మాటలంటాడు. ఆవిడ చెప్పులు దాచేస్తాడు, పాపం నీళ్ల కోసం వట్టి కాళ్లతో వెళ్తుంది. మొదటి ఇరవై ముప్పై నిమిషాలు వాడి మీద ఎంత కోపం వస్తుందంటే, మా అమ్మ "రెండు అంటిస్తే దారికొస్తాడు" అనేసింది. సినిమాలో అమ్మమ్మ మాత్రం ఒక్క దెబ్బ వెయ్యదు. తన తప్పేం లేకపోయినా గుండె మీద చెయ్యి పెట్టి గుండ్రంగా రుద్దుతుంది. క్షమించమని అడగడానికి ఆవిడ చేసే సైగ అది. ఈ సైగని బాగా గుర్తు పెట్టుకోండి.

గేమ్‌లో బ్యాటరీలు అయిపోతాయి. కొనడానికి డబ్బుల్లేవు. అమ్మమ్మ నిద్రపోతుంటే ఆవిడ కొప్పులో గుచ్చుకున్న పిన్ను లాగేసి, దాన్ని అమ్మి బ్యాటరీలు కొందామని బయల్దేరతాడు. ఆ తర్వాత ఆవిడ కొప్పులో చెంచా గుచ్చుకుని తిరుగుతూ కనిపిస్తుంది. ఎవరూ దాని గురించి మాట్లాడరు. కెమెరా దగ్గరికెళ్లి "చూడండి" అని చూపించదు. ఆవిడ పని ఆవిడ చేసుకుంటుంది, చెంచా కొప్పులో ఉంటుంది. అక్కడే నాకు మొదటిసారి గొంతు పట్టేసింది.

కోడి సీను గురించి చెప్పకుండా ఉండలేను. ఏం కావాలి నాన్నా అని ఆవిడ సైగ చేస్తే, వాడు కెంటకీ చికెన్, అంటే నూనెలో వేయించి అమ్మే కోడి, కావాలంటాడు. ఆవిడకి కెంటకీ ఏం తెలుసు? వాడు తల మీద చెయ్యి పెట్టి కోడి జుట్టు చూపిస్తే ‘ఓ, కోడా’ అనుకుని, వానలో తడుస్తూ వెళ్లి బతికున్న కోడిని తెస్తుంది. నీళ్లలో నిండుగా ఉడికించి గిన్నెలో పెడుతుంది. మన పల్లెల్లో అమ్మమ్మ అయినా అంతే కదా, కోడి అంటే నాటుకోడి, ఉడికించి పెట్టడమే. వాడు దాన్ని చూసి ఏడుపు అందుకుంటాడు. రాత్రి ఆకలికి ఆగలేక లేచి అదే కోడిని తింటాడు. మర్నాడు ఆవిడ జ్వరంతో లేవలేదు. వాడు దుప్పటి కప్పుతాడు, తనకి చేతనైనట్టు అన్నం సర్ది పెడతాడు. ఆ పిల్లాడు మారడం అక్కణ్ణించి మొదలవుతుంది. ఎవరూ వాడికి నీతులు చెప్పరు, తనంతట తనే మెల్లగా మెత్తబడతాడు.

సూది సంగతి నా వృత్తికి దగ్గరది. ఆవిడకి చూపు ఆనదు, సూదిలో దారం ఎక్కించమని మనవడికి ఇస్తుంది. వాడు విసుక్కుంటూ ఎక్కిస్తాడు. మా అమ్మ ఇప్పటికీ నాకు హుక్కులు, హెమ్మింగ్ చేసి పెడుతుంది. దారం కొస నాలికతో తడిచేసి, వేళ్ల మధ్య నలిపి, సూదిని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చాలాసేపు ప్రయత్నిస్తుంది. కుదరకపోతే అప్పుడు నా వైపు చేయి చాస్తుంది. సినిమాలో ఆవిడ సూది పట్టుకునే తీరు అచ్చం అదే. ఈ సూదులు చివర్లో మళ్లీ వస్తాయి. ఎలా వస్తాయో చెప్పను, అది మీరే చూడాలి. కర్చీఫు మాత్రం దగ్గర పెట్టుకోండి.

ఆవిడ నటన అంత సహజంగా ఉండటానికి కారణం ఉంది. అమ్మమ్మగా చేసిన కిమ్ ఉల్ బున్ నటి కాదు. అలాంటి పల్లెలోనే బతికిన మనిషి, అంతకు ముందు జీవితంలో ఒక్క సినిమా కూడా చూడలేదట. సినిమాలో కనిపించే ఊరివాళ్లలో కూడా చాలామంది అక్కడివాళ్లే. కొరియాలో 40 లక్షల మందికి పైగా ఈ సినిమా చూశారు, అక్కడి గ్రాండ్ బెల్ అవార్డుల్లో ఉత్తమ చిత్రంగా నిలిచింది. కిమ్ ఉల్ బున్ 2021లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూసింది. సినిమాని దర్శకురాలు అమ్మమ్మలందరికీ అంకితం ఇచ్చింది. అది తెరమీద పడినప్పుడు మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, మా అమ్మాయి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.

లోపాలు లేకపోలేదు. పిల్లాడి తల్లి ఎందుకు ఇంటికి దూరమైందో సరిగా తెలీదు, ఆ ముడి ఇంకాస్త విప్పి ఉండాల్సింది. పక్కింటి పిల్ల, ఎద్దు తరిమే సీన్లు సరదాగానే ఉన్నా నాకు అంతగా పట్టలేదు. వేగం కావాలనుకునేవాళ్లకి మొదటి భాగం నెమ్మదిగా అనిపిస్తుంది. ఓపిక పట్టండి, కోడి సీను దాటాక టైమే తెలీదు.

వెతికేటప్పుడు పేరుతో పాటు 2002 అని, కొరియన్ అని కలిపి వెతకండి, ఇదే పేరుతో వేరేవి కూడా ఉన్నాయి. డబ్బింగ్ దొరికినా వద్దు, ఆ పిల్లాడి గొంతు అసలు భాషలోనే వినాలి. ఏడెనిమిదేళ్ల పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నిశ్చింతగా చూడొచ్చు.

ఇది నచ్చితే తర్వాత ఇరాన్ సినిమా ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ చూడండి. 1997లో మాజిద్ మాజిదీ తీశాడు. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న, ఒకే జతని ఇద్దరూ పంచుకుని బడికి వెళ్లే కథ. పరుగు పందెంలో వాడికి మూడో బహుమతే కావాలి, ఎందుకంటే బూట్లు ఇచ్చేది మూడో స్థానానికి. జపాన్ వాళ్ల ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ (1988) బొమ్మల సినిమా కదా అని మాత్రం పిల్లలకి పెట్టకండి. యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ల కథ అది. బాంబులు, ఆకలి, ఏదీ దాచరు. గొప్ప సినిమా, కానీ పెద్దవాళ్లు ముందు చూసి, ఇంట్లో పిల్లలకి ఏ వయసులో చూపించాలో తర్వాత నిర్ణయించుకోవాలి.