ఫోల్డ్‌స్కోప్: కాగితం మడతల్లో ఇమిడిన సూక్ష్మదర్శిని

బాక్టీరియాను కళ్లారా చూడాలన్న కోరికతో ఫోల్డ్‌స్కోప్ కొనదలచిన వారికి ముందే చెప్పడం మంచిది: ఇది అందుకు తగిన పరికరం కాదు. నిలవనీటిలో ఈదే ఏకకణ జీవులనూ, బూజునూ, నాచు మధ్య తిరుగాడే అతి చిన్న ప్రాణులనూ అవి ఉన్న చోటికే వెళ్లి చూడాలనుకునే వారికి మాత్రం ఇంతకన్నా అనువైన సాధనం నాకు కనిపించలేదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్, జిమ్ సైబుల్‌స్కీ దీనిని రూపొందించారు. నిర్మాణ వివరాలు 2014లో పరిశోధన పత్రంగా వెలువడ్డాయి. గట్టి కాగితం మీద ముందే కత్తిరించి ఉన్న భాగాలను విడదీసి, రంగుల గుర్తుల ప్రకారం మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చితే పరికరం తయారవుతుంది. మధ్యలో గాజుపూస వంటి ఒకే ఒక కటకం ఉంటుంది. స్లైడును లోపలికి జరిపి, కంటికి దాదాపు ఆనించి వెలుతురు వైపు చూస్తూ, బొటనవేళ్లతో కాగితాన్ని అటూ ఇటూ నెడితే దృశ్యం కదులుతుంది, స్పష్టతకు వస్తుంది. ఈ వేళ్ల నేర్పు పట్టుబడేదాకా కొంత విసుగు తప్పదు. ఎంత వెలుతురు కావాలన్నా నేరుగా సూర్యుడి వైపు మాత్రం తిప్పకూడదు. పిల్లల చేతికిచ్చేటప్పుడు ఈ సంగతి గట్టిగా చెప్పి తీరాలి.

చూడదగినవి చాలా మటుకు నీటిచుక్కలోనే ఉన్నాయి. పాచి పట్టిన కుండీ అడుగు నుంచి ఒక చుక్క తీసి, రెండు మూడు దూది పోగులు వేసి చూస్తే, ఆ పోగుల మధ్య చిక్కి వేగం తగ్గిన పారమీసియం కనిపిస్తుంది. దాని ఒంటి మీది శైలికలు, అంటే ఈదడానికి తోడ్పడే నూగు వంటి పోగులు, విడివిడిగా కనిపించనంత సన్ననివి కాబట్టి అంచు వెంట ఒక మిలమిల మాత్రమే తెలుస్తుంది. లోపల సంకోచ రిక్తిక అనే నీటి తిత్తి మెల్లగా ఉబ్బి, చటుక్కున మాయమై, మళ్లీ ఉబ్బడం ఓపిక పడితే స్పష్టంగా చూడవచ్చు. మంచినీటిలో బతికే ఆ ఒంటికణపు జీవి, తనలోకి ఆగకుండా చొరబడే నీటిని ఆ విధంగా బయటికి తోసుకుంటూ ఉంటుంది. పక్కనే వోర్టిసెల్లా అనే మరో ఏకకణ జీవి గంట ఆకారపు నోటితో నీటిలో సుడి రేపుతూ, ఏ చిన్న కదలిక తగిలినా కాడను స్ప్రింగులా చుట్టుకుని కిందికి ముడుచుకుపోతుంది. పుస్తకంలోని బొమ్మకు ఈ కదలిక ఎన్నటికీ రాదు.

బూజు కూడా నిరాశపరచదు. పారదర్శకమైన టేపును బూజు మీద తేలిగ్గా అద్ది స్లైడుకు అతికిస్తే, శిలీంధ్ర తంతువులూ వాటి చివర సిద్ధబీజాశయాలూ (బూజు విత్తనాల వంటి బీజాలుండే తిత్తులు) చెదరకుండా దొరుకుతాయి. 1665లో ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తోలు మీది బూజును చూసి గీసిన చిత్రం నేటికీ కళాఖండంగా నిలిచి ఉంది. టేపు మీది ఈ అడవిని చూస్తే ఆయన చేయి ఎందుకు ఊరుకోలేదో అర్థమవుతుంది.

ఇక బాక్టీరియా సంగతి. సాధారణంగా దొరికే ఫోల్డ్‌స్కోప్ వస్తువును సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపుతుంది. రెండు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూగా ఉన్న వివరాల దగ్గర దాని చూపు ఆగిపోతుంది. పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియా పొడవే దాదాపు రెండు మైక్రాన్లు, వెడల్పు అందులో సగమో అంతకన్నా తక్కువో. పైగా రంగు వేయని బాక్టీరియా దాదాపు పారదర్శకం. అందువల్ల మహా అయితే కదిలే చుక్కలు కనిపించవచ్చు గానీ, ఏది బాక్టీరియానో, ఏది ఊరికే కంపించే ధూళికణమో చెప్పలేము. డచ్చి పరిశీలకుడు లీవెన్‌హుక్ 1683లో పళ్ల పాచిలో బాక్టీరియాను చూసింది కూడా ఒంటి కటకంతోనే కదా అనవచ్చు. అయితే ఆయన కటకాల్లో నేటికి మిగిలిన వాటిలో మేలైనది 270 రెట్ల దాకా పెంచగలదు. గాజుపూస కటకానికి సహజమైన మరో పరిమితి, దృశ్యం నడుమ తేటగానూ అంచుల్లో మసకగానూ ఉండడం.

సూక్ష్మజీవ సముదాయాల పరిశోధన అనగానే మనసులో మెదిలే జాబితాలు కూడా ఇలాంటి కటకాల నుంచి రావు. మట్టిలోనో పేగులోనో ఏయే బాక్టీరియా ఉన్నాయో తేల్చేది ప్రధానంగా డీఎన్ఏ విశ్లేషణ. కానీ ఆ విశ్లేషణకు నమూనాను నలిపి డీఎన్ఏను వేరుచేస్తారు గనుక, ఎవరు ఎవరి పక్కన ఉన్నారో, ఎవరు ఎవరిని మింగుతున్నారో అందులో తెలియదు. బాక్టీరియాను తినే జీవులు, ఆ జీవులను తినే రోటిఫెర్లు అనే అతి చిన్న నీటి ప్రాణులు ఒకే చుక్కలో తిరుగుతుండగా చూడగలగడం ఈ కాగితపు పరికరం ఇచ్చే అసలైన లాభమని నా అభిప్రాయం.

దృశ్యాలను దాచుకోదలచిన వారు అయస్కాంతపు చక్రంతో దీనిని ఫోను కెమెరాకు తగిలించవచ్చు. వెనుక రెండు మూడు కెమెరాలున్న ఫోన్లలో ఏది పనిచేస్తోందో ముందే వేలితో మూసి చూసుకుని, ప్రధాన కెమెరా మీదే చక్రాన్ని అతికించాలి. చుక్క త్వరగా ఆరిపోతుంది కాబట్టి ఈ సర్దుబాటంతా ముగిశాకే స్లైడు మీద నీరు వేయడం మేలు.