తెల్లవారుజామున తాళం తీసే లాడ్జి: బెజవాడ, గుంటూరు మంచు పొద్దులు

మంచు ఫోటోల కోసం బెజవాడలో తీసుకున్న, కృష్ణా నది కనిపించే గది, రోజుకు 3,400 రూపాయలు. అందులో 600 కేవలం నది కనిపిస్తుందన్నందుకే. తెల్లవారి 5.20కి కెమెరా సంచి భుజాన వేసుకుని కిందికి దిగితే షట్టరు దించి ఉంది, దానికి లోపలి వైపు తాళం. "తాళం మేనేజరు గారి దగ్గరుందండి, ఏడింటికొస్తారు" అన్నాడు వాచ్‌మన్. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పైకి వచ్చి గదిలోంచి తీద్దామంటే బాల్కనీ లేదు, తెరుచుకోని పెద్ద అద్దపు కిటికీ ఉంది. దాని బయటి వైపు ఎండాకాలం నాటి దుమ్ము అట్టకట్టి ఉంది. అద్దం అవతల కృష్ణ మీద మంచు పాలపొంగులా లేచి, బ్యారేజీ దీపాలు ఒక్కొక్కటే అందులో మునిగిపోతున్నాయి. షట్టరు లేచింది 7.10కి. ఘాట్ దగ్గరికి చేరేసరికి 7.35. అప్పటికి నీళ్లు మామూలుగా మెరుస్తున్నాయి. ఖమ్మం నుంచి దీని కోసమే వచ్చిన మా బావ ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. వదిన మాత్రం "రాత్రే అడగాల్సింది" అంది. ఆ మాట నిజం. ఖాళీ చేసేటప్పుడు ఆ 600 అయినా తగ్గించమంటే "రూము ఇచ్చాం కదండీ" అన్నారు, పైసా తగ్గించలేదు.

అందుకే ముందుగా చెప్పేది ఇదే. మంచు ఫోటోల కోసం బెజవాడ వచ్చేవాళ్లు గది కిటికీని బట్టి కాదు, గేటు తెరిచే వేళను బట్టి బస చూసుకోవాలి. మర్నాడు రైల్వే స్టేషన్ దగ్గర 1,150కి ఒక గది దొరికింది. కిటికీ తీస్తే పక్క మేడ గోడ. కానీ రాత్రంతా రైళ్లు దిగే జనం వస్తుంటారు కాబట్టి కౌంటరులో మనిషి మేలుకునే ఉంటాడు, వీధి తలుపు మూయరు. వేడినీళ్లు బకెట్‌కి 20 అదనం, అదీ 6 తర్వాతే ఇస్తారు. అది పెద్ద లోటేమీ కాదు. స్టేషన్ నుంచి భవానీపురం పున్నమి ఘాట్‌కి తెల్లవారి 5కి ఆటో 180 తీసుకున్నాడు. అదే దూరానికి పగలు 120.

వేళ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే ఇక్కడ మంచు ఉండేదే కొద్దిసేపు. జనవరి నెల పొడుగునా బెజవాడలో సూర్యోదయం 6.40కి అటూ ఇటూ. మామూలుగా గట్టి మంచు 5.30 నుంచి 7 దాటేదాకా నిలుస్తుంది, తర్వాత పల్చబడి 8.30 లోపు విడిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పొద్దు పొడిచాక పది, పదిహేను నిమిషాలు మంచు తగ్గకపోగా మరింత చిక్కబడుతుంది. నేలను అంటుకుని ఉన్న తడిగాలి ఎండ సోకగానే కదిలి పైకి కలుస్తుంది, అందువల్ల. అప్పుడు "ఇక కనిపించదు" అని కెమెరా సర్దేసినవాళ్లు, ఆ తర్వాత వచ్చే బంగారు వెలుగును పోగొట్టుకుంటారు.

మంచు అనే ఒక్క మాటతో మనం రెండు మూడింటిని పిలుస్తాం. గడ్డి మీద తెల్లగా పేరుకునే గడ్డమంచు బెజవాడ, గుంటూరుల్లో పడదు. గడ్డిపరక మీద వేడి సున్నాకి దిగితేనే అది పడుతుంది, ఇక్కడ జనవరి తెల్లవారుజామున మామూలుగా 16 నుంచి 20 డిగ్రీలు ఉంటుంది. దానికి మన్యం ఎక్కాలి. చింతపల్లి వైపు, లంబసింగిలో బాగా చలి పట్టిన రాత్రుల్లో ఎప్పుడైనా కనబడుతుంది. ఇక్కడ దొరికేవి పొగమంచు, ఆకుల మీద మంచు బొట్లు, నది మీద లేచే ఆవిరి. ఫోటోకి ఈ మూడూ చాలు.

ఏ రోజు పడుతుందో ముందు రాత్రి 9కే చాలావరకు తెలుస్తుంది. ఫోన్‌లో వాతావరణం తెరిచి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ బొట్లుగా మారే ఉష్ణోగ్రత) రెండూ చూడండి. తెల్లవారి 5కి ఆ రెండిటి మధ్య తేడా 2 డిగ్రీల లోపు చూపిస్తే, గాలి గంటకి 6 కిలోమీటర్లు దాటకపోతే, ఆకాశంలో చుక్కలు స్పష్టంగా కనిపిస్తుంటే అలారం పెట్టుకోండి. మబ్బు పట్టిన రాత్రి పడుకోవడం మేలు. మబ్బు దుప్పటిలా కప్పి నేల వేడిని పోనివ్వదు, మంచు కట్టదు. గాలి వీచినా అంతే, పైనున్న పొడిగాలి వచ్చి కలిసిపోతుంది.

పున్నమి ఘాట్ దగ్గర చాలామంది చేసే పొరపాటు బ్యారేజీ కోసం చూడటం. ఘాట్‌కి అది దూరం, చిక్కటి మంచులో కనిపించదు. మంచులో పనికొచ్చేవి వంద మీటర్ల లోపు ఉన్నవే: మెట్లకి కట్టిన నాటు పడవ, వల సర్దుకునే మనిషి, నీళ్లలో పాతిన కర్ర. చలికాలంలో సూర్యుడు తిన్నగా తూర్పున లేవడు, ఆగ్నేయం వైపు బాగా జరిగి లేస్తాడు. అంటే ఘాట్ మెట్ల మీద నిలబడితే నది దిగువ వైపు, మీ ఎడమ చేతి వైపు. పడవను వెలుగుకు అడ్డంగా పెట్టుకుంటే నల్లటి ఆకారం, చుట్టూ పసుపు తెర వస్తాయి. 7.15 ప్రాంతంలో మంచు పల్చబడేటప్పుడు అవతలి గట్టు మీది కొండలు ముందు ఒక గీతలా, తర్వాత ఒక ముద్దలా తేలతాయి. ఆ పది నిమిషాలకే టెలి లెన్స్ (దూరాన్ని దగ్గర చేసి చూపేది) మోయాలి. 70-200 ఉంటే ఒకదాని వెనక ఒకటిగా పొరలు దగ్గరకొస్తాయి. వైడ్ లెన్స్‌తో మంచు తీస్తే ఖాళీ కాగితంలా ఉంటుంది. స్నానాలు చేసేవాళ్ల వైపు, ముఖ్యంగా ఆడవాళ్ల వైపు కెమెరా తిప్పకండి. ధనుర్మాసంలో ఘాట్ల మీద జనం ఎక్కువ.

ప్రకాశం బ్యారేజీ మీద సంగతి వేరు. 1957లో పూర్తయిన ఆ కట్టడానికి 70 గేట్లు. మంచులో ఎనిమిది, పది గేట్ల స్తంభాలు వరసగా కనబడి ఆ తర్వాత కరిగిపోతాయి. ఇంత సులభంగా లోతు చూపించే చోటు ఊళ్లో మరొకటి లేదు. ఇక్కడ పాడయ్యేది ట్రైపాడ్ పెట్టినవాళ్ల ఫోటోలే. కార్లు, ఆటోలు పోతుంటే నడకదారి సన్నగా అదురుతుంది, కెమెరా షట్టరు అర సెకను తెరిచి ఉంచితే స్తంభాల అంచులు రెండుగా వస్తాయి. ఐఎస్‌ఓ (వెలుగును పట్టే శక్తి) 800కి పెంచి, షట్టరు వేగం సెకనులో 250వ వంతు (1/250) పెట్టి చేత్తోనే తీయండి. నడిచేవాళ్లకి అడ్డం పెట్టామన్న మాట కూడా పడక్కర్లేదు. తూర్పు వైపు చూస్తే రైలు వంతెన, దాని వెనక సూర్యుడు. బండి పోయే క్షణం కోసం టైం టేబుల్ చూసుకుని నిలబడితే చాలదు. మంచు రోజుల్లో రైళ్లు ఆలస్యం కాబట్టి పట్టాల చప్పుడు వినడమే దారి.

బ్యారేజీ దాటి సీతానగరం, ఉండవల్లి, అక్కణ్నుంచి కరకట్ట. పూలతోటలు, అరటితోటలు, మంచు బొట్లు కట్టిన సాలెగూళ్లు చాలా ఉన్నాయి. కరకట్ట మీద పోలీసు బందోబస్తు ఉన్న చోట కెమెరా బయటికి తీయకండి, డ్రోన్లకు ప్రభుత్వం ఇచ్చే గగనతల మ్యాప్ చూడకుండా డ్రోన్ లేపనే కూడదు. సాలెగూడు తీసేటప్పుడు వెలుగు మీకు ఎదురుగా ఉండాలి, గూడు వెనక నల్లటి చెట్టు నీడ ఉండాలి. అలా లేకపోతే బొట్లు కనిపించవు. లెన్స్ ముఖాన్ని గూటికి తిన్నగా ఎదురుగా పెట్టకపోతే సగం గూడు మసకబారుతుంది. అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్ 8 చాలు.

ఈ దారిలో ఉడకబెట్టిన తేగలు అమ్ముతున్న అవ్వ దగ్గర కట్ట 40కి కొన్నాం. సంక్రాంతి ముందు దొరికే తేగల్లో ఇంత తీపి ఉన్నవి ఈ మధ్య తినలేదు. ఆవిరి పోయే కుండ వెనక నుంచి ఎండ తగులుతుంటే ఫోటో తీసుకోమని ఆవిడే అంది. మా బావ మళ్లీ నవ్వింది అక్కడే. ఆవిరి ఫోటోకి 1/125, వెనక నల్లటి నీడ, ఎదురు వెలుగు. ఇడ్లీ బండి దగ్గరైనా ఇదే లెక్క.

కెమెరా సంగతి ఒకటి వేరుగా చెప్పాలి, ఉత్తరాది చలికి రాసిన సలహాలు ఇక్కడ తిరగబడతాయి. అక్కడ చల్లటి కెమెరాని వెచ్చటి ఇంట్లోకి తెస్తే తడి పడుతుంది. ఇక్కడ ఏసీ గదిలోంచి బయటికి తెస్తే పడుతుంది. బయటి గాలి డ్యూ పాయింట్ 18 దాటిన రోజు, గదిలో ఏసీ 18కి పెట్టి పడుకుంటే లెన్స్ అద్దం దానికన్నా చల్లగా ఉంటుంది, బయటికి రాగానే తెల్లటి పొర. తుడిస్తే మళ్లీ వస్తుంది, పావుగంట దాకా వదలదు. నోటితో ఊదితే ఇంకా తడి. రాత్రి ఏసీ ఆపండి, లేదా కెమెరాని జిప్ కవరులో మూసి బయలుదేరే అరగంట ముందు వరండాలో పెట్టండి. లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) ఎప్పుడూ తగిలించే ఉంచండి. నీడ కోసమే కాదు, అద్దం నేరుగా ఆకాశానికి వేడి వదిలి చల్లబడకుండా అది కాపాడుతుంది.

మంచులో కెమెరా మోసపోతుంది, తెల్లదనాన్ని చూసి వెలుగు ఎక్కువైందనుకుని బూడిద రంగుకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు రెట్టింపయ్యేదాకా, పెంచండి. ఫోన్‌లో అయితే తెర మీద తాకి సూర్యుడి బొమ్మని కొద్దిగా పైకి జరపండి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంటే తెల్లవారే నీలాన్ని, పొద్దు పొడిచే పసుపునీ రెండిటినీ కడిగేస్తుంది. 5,500 కెల్విన్ దగ్గర కట్టేయండి. ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటుంటే పడవ అంచు లాంటి నల్లటి గీత మీద ఒకే పాయింట్ పెట్టి, దొరకగానే మాన్యువల్‌కి మార్చేయండి.

గుంటూరు వైపు కారు మాట్లాడాం. పూటకి 2,800, డ్రైవరు బత్తా 300. 16వ నంబరు జాతీయ రహదారి మీద మంచులో వెనక దీపాలు లేని ట్రాక్టర్లు ఉంటాయి. హై బీమ్ వేస్తే ఎదుట తెల్లటి గోడే కనిపిస్తుంది, లో బీమ్‌లో 40 దాటకుండా వెళ్లాలి. మా డ్రైవరు అలాగే నడిపాడు, ఆ 300 మనసారా ఇచ్చాం. ఉప్పలపాడు చెరువులో పెలికాన్లు బాగున్నాయి, మంచు విడిచాకే అందంగా వస్తాయి. చిక్కటి మంచులో తెల్లపక్షి తెల్లతెరలో కలిసిపోతుంది. కొండవీడు కోట దారి గేటు ఎన్నింటికి తీస్తారో ముందురోజే కనుక్కుని బయలుదేరండి. లాడ్జి పాఠం అక్కడా పనికొస్తుంది.

అన్నిటికన్నా విలువైన పొద్దు ఫిరంగిపురం దాటాక ఒక మిరప కళ్లం దగ్గర గడిచింది. ఎర్రటి మిరపకాయల పరుపు మీద తెల్లటి మంచు అని ఊహించుకుని వెళ్తే అక్కడ ఎరుపే లేదు. పొడుగ్గా పరిచిన నీలం, నలుపు పరదాలున్నాయి, అంతే. పొద్దుగూకితే పరదా కప్పుతారు, మంచు విడిచాక గానీ తీయరు. కాయ తడిస్తే రంగు పోయి తాలుకాయ అవుతుంది, బూజు పడుతుంది, గుంటూరు యార్డులో ధర తెగ్గోస్తారు. మా బావ కాస్త అంచు ఎత్తమని అడగబోతే రైతు మెల్లగానే ఆపాడు. "కాసేపాగండి బాబూ, మంచు విడవనీయండి, మీకే చూపిస్తా." ఫోటో కోసం పరదా ఎత్తమని ఎవరూ అడగొద్దు, అది వాళ్ల ఏడాది పంట. ఆగినందుకు దక్కింది ఇది: 8.40కి ఇద్దరు ఆడవాళ్లు, ఆయన కలిసి పరదా రెండు చివర్లు పట్టి ఒక్కసారి విదిలించారు. పైనున్న నీళ్లన్నీ ఎండలోకి ఎగిరాయి, కింద ఎరుపు బయటపడింది. 1/1000 కన్నా నెమ్మది షట్టర్‌తో ఆ బొట్లు గీతలైపోతాయి. ఎండకి ఎదురుగా, మోకాలి ఎత్తులో కూర్చుని, బరస్ట్‌లో (వరసగా చాలా ఫోటోలు పడేలా) తీయాలి. ముందు అటూ ఇటూ జరిగి గాలి ఎటు వీస్తుందో చూసుకోండి. ఘాటు కళ్లల్లో పడితే తీసేదేమీ ఉండదు, అక్కడ లెన్స్ మార్చారంటే లోపలికి పొడి పోతుంది. ఆ ఇంట్లో ఇచ్చిన టీకి డబ్బు తీసుకోలేదు. వదిన ఆయన నంబరుకి ఫోటోలు ఆ రాత్రే పంపింది.

భోగికి మళ్లీ వెళ్తున్నాం, తెల్లవారి 4కే మంటలు వేస్తారు కాబట్టి. స్టేషన్ దగ్గరి గదికే ఫోన్ చేశాం, పండక్కి 1,400 అన్నారు. వదిన అడిగిన మొదటి మాట, "మూడున్నరకి తలుపు తీసి ఉంటుందా అండీ?"