గోడ క్యాలెండర్‌తో ఏడేళ్లు: ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో నా అనుభవం

2019 జనవరి నుంచి మా ఇంట్లో ఒక తెలుగు గోడ క్యాలెండర్ ఉంటోంది. ఏటా కొత్తది కొంటాం, పాతది పారేయం. ఇప్పుడు ఉన్నది ఏడోది. తిథులు, సెలవులు చూసుకోవడానికే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. మా ఇల్లు రోజూ టైముకి నడవడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ సాయం చేసింది ఇదే. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. మాది విశాఖలో గాజువాక. నేను ద్వారకానగర్ వైపు ఒక బ్యాంకు బ్రాంచిలో పని చేస్తాను. మా ఆయనది పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టుల ఉద్యోగం. ఏ షిఫ్టు పొద్దున్న ఆరు నుంచి రెండు, బి రెండు నుంచి పది, సి రాత్రి పది నుంచి ఆరు. వారానికోసారి మారుతుంది. పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి. అత్తయ్య మాతోనే ఉంటారు. అంటే ఐదుగురికి ఐదు రకాల టైములు.

2018 నవంబరు 14న బడిలో పిల్లల దినోత్సవం. యూనిఫాం వద్దు, రంగు బట్టలు వేసి పంపమని మెసేజ్ వచ్చింది. అది నా ఫోన్‌లోనే ఉంది. కౌంటర్‌లో ఉండగా చదివాను, సాయంత్రానికి మర్చిపోయాను. మా ఆయన సి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నారు. అత్తయ్యకి విషయమే తెలియదు. బస్సు ఎక్కాక చూస్తే పాప ఒక్కతే యూనిఫాంలో ఉంది. సాయంత్రం వచ్చి అది ఏడవలేదు. "నాకెందుకు చెప్పలేదమ్మా" అని మాత్రం అడిగింది. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఇంట్లో అందరి పనులూ నా ఒక్కదాని బుర్రలో ఉన్నాయని, నేను మర్చిపోతే ఇల్లంతా మర్చిపోయినట్టేనని ఆ రోజే అర్థమైంది.

మొదట ఫోన్‌లో క్యాలెండర్ యాప్ పెట్టుకున్నాం. మా ఇద్దరికీ కనిపించేలా షేర్ చేసి ఓ రెండు నెలలు గట్టిగానే వాడాం. యాప్ మంచిదే, మా ఇంటికి కుదరలేదు అంతే. మా ఆయన ప్లాంటు లోపలికి ఫోన్ తీసుకెళ్లకూడదు, లాకర్లో పెట్టేయాలి. నాకేమో ఎదురుగా ఖాతాదారు నిలబడి ఉన్నప్పుడు రిమైండర్ మోగేది. వేలితో పక్కకి తోసేస్తే ఇక అది గుర్తుండేది కాదు. అత్తయ్య ఫోన్‌లో మాట్లాడడం వరకే. పిల్లలకి ఫోన్ లేదు. ఐదుగురున్న ఇంట్లో ఇద్దరికే కనిపించే లెక్క అది.

క్యాలెండర్ కొనేటప్పుడు నేను చూసేది ఒకటే. గడిలో తేదీ కింద రెండు లైన్లు రాసుకునే చోటు ఉందా, లేదా. బంగారం కొట్టువాళ్లు, కిరాణా వాళ్లు ఉచితంగా ఇచ్చేవాటిలో పైన బొమ్మ సగం షీటు తినేస్తుంది, తేదీలు కింద ఇరుకుగా ఉంటాయి. అవి దేవుడి గదికి సరిపోతాయి. నెలకో షీటు చొప్పున పన్నెండు షీట్లు ఉన్నదే తీసుకోవాలి. రెండు నెలలు ఒకే షీటులో వేసేవి వద్దు, రాయడానికి చోటు చాలదు. కాగితం నున్నగా మెరిసేది అయినా ఇబ్బందే. జెల్ పెన్ను అలుక్కుపోతుంది, పెన్సిల్ అసలు పడదు. ఒక ఏడాది అలాంటిది కొని డిసెంబరు దాకా అవస్థ పడ్డాను. ఇప్పుడు కొట్లోనే ఓ మూల పెన్సిల్‌తో గీసి చూసి కొంటాను.

ఇక వాడకం. మా ఆయన షిఫ్టు అక్షరం గడిలో పై మూల ఆకుపచ్చ పెన్నుతో. పిల్లల బడి సంగతులు ఎరుపు. నా బ్యాంకు పనులు నీలం. మార్చి 31, జూన్ 30, సెప్టెంబరు 30, డిసెంబరు 31 గడుల్లో జనవరిలోనే "క్లోజింగ్", అంటే బ్యాంకు మూడు నెలల లెక్కలు ముగించే రోజు, అని రాసేస్తాను. ఆ రోజుల్లో నేను ఇంటికి ఎప్పుడొస్తానో నాకే తెలియదు కాబట్టి పిల్లల పని ఏదీ నా మీద పెట్టుకోకూడదు. అత్తయ్యది పెన్సిల్. ఎన్ని పాల ప్యాకెట్లు వచ్చాయో రోజూ ఆవిడే వేస్తారు. నిజానికి ఈ పద్ధతి మొదట ఆవిడదే. పాల లెక్క, చాకలి లెక్క, గ్యాస్ బండ పెట్టిన తేదీ అన్నీ క్యాలెండర్ మీదే రాసేవారట, మామయ్యగారు ఉన్నప్పటి నుంచీ. నేను దాన్ని బడికి, బ్యాంకుకి, షిఫ్టులకి పెంచాను, అంతే.

అసలు పని జరిగేది ఆదివారం రాత్రి. భోజనాలయ్యాక పది నిమిషాలు అందరం ఆ గోడ ముందు నిలబడతాం. వచ్చే వారం ఏడు గడులూ పాప పైకి చదువుతుంది. ఎక్కడ రెండు పనులు ఒకదానికొకటి అడ్డొస్తున్నాయో అప్పుడు కనిపిస్తుంది. నాకు టైము మిగిలింది పనులు వేగంగా చేయడం వల్ల కాదు. మంగళవారం సాయంత్రం వచ్చి పడే తలనొప్పి ఆదివారం రాత్రే కనిపించడం వల్ల.

ఒక ఉదాహరణ చెప్తాను. మార్గశిర మాసంలో గురువారాలు అత్తయ్య బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్తారు. ఆ నెలలో క్యూ ఎంత ఉంటుందో విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎప్పుడు తిరిగొస్తారో ఆవిడ చేతుల్లో ఉండదు. పిల్లలు నాలుగింటికి బస్సు దిగుతారు. ఒక ఏడాది అదే గురువారం మా ఆయనకి బి షిఫ్టు పడింది. పాప, అప్పటికి ఒకటో తరగతి, తాళం వేసిన తలుపు ముందు పక్కింటివాళ్లు చూసేదాకా కూర్చుంది. అప్పటి నుంచి మార్గశిరం గురువారాలన్నీ ముందే ఎర్రగా చుట్టేస్తాం. బి షిఫ్టు ఉన్న వారం అత్తయ్య తెల్లవారుజామునే వెళ్లి వచ్చేస్తారు, లేదా మా ఆయన ఆ ఒక్కరోజు షిఫ్టు మార్చుకుంటారు. ఫోన్‌లో ఉన్న మామూలు క్యాలెండర్‌కి మార్గశిరం ఎప్పుడొస్తుందో తెలియదు కదా.

సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా అలాంటిదే. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు మధ్యాహ్నం నుంచి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు జనం నడుస్తారు. ఊళ్లో ట్రాఫిక్ మళ్లిస్తారు, సిటీ బస్సుల దారులు మారతాయి. నేను ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా ఇంటికి రావాలి. ఆ రోజు మామూలు టైముకి బయల్దేరితే ఇంటికి చేరేసరికి రాత్రే. 2025లో పౌర్ణమి జులై 10న, ప్రదక్షిణ 9న మొదలైంది. ముందు ఆదివారమే గడి చూసుకుని 9న మధ్యాహ్నం నుంచి పర్మిషన్ అడిగి పెట్టుకున్నాను. మూడింటికల్లా ఇంట్లో ఉన్నాను.

టికెట్ల విషయం కూడా చెప్పాలి. సంక్రాంతికి రాజమండ్రి మా పుట్టింటికి వెళ్తాం. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. ఆ వార్త చదివిన రోజే క్యాలెండర్ దగ్గర కూర్చుని లెక్కపెట్టాం. 2025 జనవరి 11, రెండో శనివారం, ప్రయాణం. అక్కడి నుంచి 60 రోజులు వెనక్కి వస్తే నవంబరు 12. ఆ గడిలో "పొద్దున్న 8, టికెట్లు" అని పాప పెద్ద అక్షరాలతో రాసింది. ఆ రోజు మా ఆయనకి పొద్దున్న ఆరింటి ఏ షిఫ్టు, నేను పిల్లల్ని బస్సెక్కించి వచ్చి బుక్ చేశాను. నలుగురికి కాదు, ఐదుగురికీ బెర్తులు దొరికాయి.

నేను మొదట ఊహించని లాభం ఇంకొకటి ఉంది, పాత క్యాలెండర్లు. బీరువా మీద చుట్టి పెట్టాను. గ్యాస్ బండ పెట్టిన తేదీలు వరుసగా చూస్తే మాకు 14.2 కేజీల బండ ఇంచుమించు 40 రోజులు వస్తోంది. అందుకే కొత్తది పెట్టిన రోజే లెక్కేసి ముందు వారం గడిలో "గ్యాస్ బుక్" అని రాసేస్తాం. బాబుకి మాటిమాటికీ జ్వరం వస్తోందని 2024లో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇంతకుముందు ఎప్పుడెప్పుడు వచ్చింది, ఎన్ని రోజులుంది అని అడిగారు. ఆయనకి మూడు నెలల షీట్ల ఫోటోలు చూపించాను. జ్వరం ఉన్న రోజుల్లో గడిలో "జ్వ" అని, ఎంత డిగ్రీలో రాసి ఉంది. టీకాలు కూడా అంతే. 2023లో బాబుకి ఐదేళ్లు నిండాక డీపీటీ బూస్టరు, పాపకి పదేళ్లకి టీడీ, రెండూ ఒకే ఏడాది పడ్డాయి. కార్డులో చూసి జనవరిలోనే ఎక్కించాను కాబట్టి పాప పరీక్షల వారంలో పడకుండా తేదీలు చూసుకోగలిగాం. మామయ్యగారి ఆబ్దికం తిథి ప్రకారం వస్తుంది, ఏటా తేదీ మారుతుంది. కొత్త క్యాలెండర్ ఇంటికి రాగానే అత్తయ్య మొదట వెతికేది ఆ తిథే. ఆ రోజుకి మా ఇద్దరికీ సెలవు కావాలి, అది జనవరిలోనే తేలిపోతుంది.

పిల్లల్లో వచ్చిన మార్పు నాకు అన్నిటికంటే సంతోషం. బాబు ఇంకా తప్పుల్లేకుండా రాయలేడు, అయినా వైట్ డ్రెస్ వేసుకోవాల్సిన రోజు గడిలో చిన్న చొక్కా బొమ్మ వేస్తాడు. పాప బడిలో టెస్ట్ తేదీలు చెప్పగానే ఇంటికొచ్చి బ్యాగు దించకముందే ఎక్కిస్తుంది. "అమ్మా, రేపేంటి" అని నన్ను అడగడం మానేసి గోడ చూసుకుంటున్నారు. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది, మా బస్సు ఏడూ నలభైకి. ఏడున్నర లోపే గుమ్మం దాటమని అత్తయ్య మొదటి నుంచీ చెప్తారు. పిల్లలు కూడా ఆ గడి చూసి ఏడూ ఇరవై అయిదుకే చెప్పులేసుకుంటారు. వారంలో మేము ఎప్పుడూ బస్సు తప్పిపోని రోజు సోమవారమే.

లోపాలు లేవని కాదు. పెద్ద లోపం, తర్వాతి నెల కనిపించకపోవడం. 2022 జులై 31 ఆదివారం. గోడ మీద జులై షీటే ఉంది, చివరి గడి దాకా చదివి పడుకున్నాం. ఆగస్టు 1 సోమవారం పాపకి లెక్కల యూనిట్ టెస్ట్. అది రెండో షీటులో రాసి ఉంది, ఎవరం ఎత్తి చూడలేదు. పొద్దున్న బస్సు కోసం నిలబడ్డప్పుడు తోటి పిల్లలు చెప్పుకుంటుంటే తెలిసింది. అప్పటి నుంచి నెల ఆఖరి ఆదివారం షీటు ఎత్తి, తర్వాతి వారం పనులన్నీ పాత షీటు కింది అంచు మీద కూడా రాస్తాం.

రెండోది, ఆఫీసులో ఉంటే కనిపించదు. "ఫలానా రోజు ఖాళీయేనా" అని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆదివారం రాత్రి షీటు ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెడుతున్నాను, దానితో ముప్పావు వంతు తీరింది. మధ్యలో మారినవి మాత్రం ఫోటోలో ఉండవు. గంట, నిమిషం గుర్తుచేయాల్సిన వాటికి, అంటే మందు వేయడం, ఆన్‌లైన్ క్లాసు లాంటివాటికి, ఇప్పటికీ ఫోన్ అలారమే పెట్టుకుంటాం. గోడ క్యాలెండర్ మోగదు.

ఇంకొకటి, జనవరిలో ఎక్కించే పని. బ్యాంకు సెలవులు, రెండో, నాలుగో శనివారాలు, బడి ఇచ్చిన ఏడాది ప్లాను, పుట్టినరోజులు, బీమా కట్టే తేదీలు అన్నీ కూర్చుని రాయడానికి మాకు ఒక పూర్తి మధ్యాహ్నం పడుతుంది. బడి ప్లాను జూన్‌లో ఇస్తారు కాబట్టి అప్పుడు మరో గంట. ఆ ఓపిక లేకపోతే దీన్ని మొదలుపెట్టొద్దని చెప్తాను. సగం రాసిన క్యాలెండర్ ఏమీ రాయనిదానికంటే ప్రమాదం. ఖాళీ గడి చూసి ఆ రోజు పని లేదని నమ్మేస్తాం.

ఎక్కడ పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. మొదటి ఏడాది హాల్లో టీవీ పక్కన పెట్టాను, ఎవరూ చూడలేదు. వంటింటి గుమ్మం దగ్గరకి మార్చాక అందరి కళ్లూ రోజుకి పదిసార్లు పడుతున్నాయి. బాబు చేయి అందేంత ఎత్తులో మేకు కొట్టించాను. పెన్నులు, పెన్సిల్ దారంతో అక్కడే కట్టేశాను. పెన్ను వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ రాయరు, ఇది నూటికి నూరుపాళ్లు నిజం.

నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఒంటరిగా ఉండేవాళ్లకి, అందరి చేతిలో ఫోన్ ఉన్న ఇంటికి యాప్ చాలు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, షిఫ్టుల ఉద్యోగం ఉన్న ఇంటికి గోడ మీదే ఉండాలి.

2026ది కొనబోయేవాళ్లు ఒకటి చూసుకోండి. ఆ ఏడాది మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, అంటే అదనంగా వచ్చే జ్యేష్ఠ మాసం. వేసవి సెలవుల్లో ఆ నెలంతా ముహూర్తాలు ఉండవు, పెళ్లిళ్లు దానికి అటూ ఇటూ వచ్చి పడతాయి. తర్వాత పండుగలు కూడా ఆలస్యం. 2025లో ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి 2026లో సెప్టెంబరు 14న, దసరా అక్టోబరు 20న. మా బ్రాంచిలో దసరా సెలవులకి ముందు అడిగినవాళ్లకే దొరుకుతాయి. అందుకని 2026 క్యాలెండర్‌లో ఆ గడి చుట్టూ ఇప్పటికే గీత గీసి, పక్కన "లీవ్ అడగాలి" అని రాసుకున్నాను.