"సొంత ఆవిష్కరణ" అని అమ్ముతున్న ఆ వీడియో సాఫ్ట్‌వేర్ కొనకండి, మా అమ్మమ్మ మొహం మార్చేసింది

దయచేసి కొనకండి. కార్డు నంబర్ కొట్టే ముందు ఇది చదవండి. నిన్న రాత్రంతా నిద్ర లేదు, ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. కంపెనీ పేరు రాయను. పాత టేపుల్లో వీడియోలని కొత్తవాటిలా చేసేస్తాం, అందులో మనిషి మీద నొక్కితే పేరూ గొంతూ వచ్చేలా ఇంటరాక్టివ్ ఆల్బమ్ తయారవుతుంది, ఇదంతా మా సొంత ఆవిష్కరణ, పేటెంట్ పెండింగ్ అంటూ సగం తెర మసగ్గా సగం తెర మెరిసిపోతూ ఒక యాడ్ వస్తుంది కదా, అదే. చూసినవాళ్లకి ఈపాటికి అర్థమైపోయుంటుంది.

మా అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ నడుస్తూ మాట్లాడుతూ ఉన్నది ఒకే ఒక్క మినీ డీవీ టేపులో, అంటే పాత వీడియో కెమెరాల్లో వాడే చిన్న డిజిటల్ క్యాసెట్‌లో. టేపుకి బూజు పట్టింది, పూర్తిగా పోకముందే ఎలాగో ఒక్కసారి కంప్యూటర్‌లోకి ఎక్కించా, ఆ తర్వాత టేపు ఆడలేదు. డీవీ ఫైలంటే గంటకి దాదాపు 13 జీబీ. పెద్దదని ఇంకో కాపీ తియ్యలేదు. ఈ మాట రాస్తుంటేనే నా మీద నాకు కోపం వస్తోంది. డిస్క్ కొనడానికి రేపు మాపు అనుకుంటూ గడిపేసి, ఈ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం యాడ్ చూసిన పూటే ఏడాది లైసెన్స్ కట్టేశా.

ఫైల్ లోపలికి తీసుకునేటప్పుడు ఒక చిన్న పెట్టె కనపడుతుంది, "వేగం కోసం సోర్స్ ఫైళ్లని ఆప్టిమైజ్ చేయి" అని. టిక్ ముందే పెట్టి ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ పక్కన ప్రాక్సీ ఫైల్, అంటే ఎడిటింగ్‌కి తేలికైన కాపీ ఒకటి తయారు చేసుకుంటాయి కదా, అలాంటిదే అనుకుని ఓకే కొట్టా. కాదు. వీళ్ల ఆప్టిమైజ్ అంటే ఏంటంటే మన ఫైల్‌ని మళ్లీ కంప్రెస్ చేసి, అదే పేరుతో అదే ఫోల్డర్‌లో పెట్టి, అసలుది చెరిపేయడం. రీసైకిల్ బిన్‌లోకి కూడా పంపదు. 13 జీబీ ఉన్నది 2 జీబీ కూడా లేదు, అది చూశాకే నాకు గుండె జారింది. రికవరీ సాఫ్ట్‌వేర్లు పెట్టి వెతికా, ఎస్ఎస్‌డీ కావడంతో చెరిపేసిన జాగా ట్రిమ్ అయిపోయింది, అంటే డ్రైవే దాన్ని ఖాళీ చేసేసింది, ఏమీ దొరకలేదు.

సరే, పోయింది పోయింది, కనీసం చేసిచ్చిందైనా బాగుందేమో అని ప్లే చేశా.

అమ్మమ్మకి గడ్డం మీద ఎడమవైపు పుట్టుమచ్చ ఉండేది. చిన్నప్పుడు ఒళ్లో కూర్చుని దాన్నే గిల్లేవాణ్ని. వీడియోలో అది లేదు. చర్మం మైనం పూసినట్టు నున్నగా ఉంది, కళ్ల కింద ముడతలు లేవు, నవ్వినప్పుడు పళ్లు తెల్లగా వరసగా ఉన్నాయి. ఆవిడకి ముందు పన్ను ఒకటి లేదు, నవ్వినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకునేది. ఇది మా అమ్మమ్మ చీర కట్టుకున్న ఇంకెవరో. మా అమ్మకి చూపిస్తే కాసేపు చూసి "ఎవర్రా ఈవిడ" అంది. నేను ఫోన్ లాగేసుకున్నా.

ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ తెరిచి చూస్తే కారణం అక్కడే ఉంది, జీఎఫ్‌పీగాన్ వీ1.4 అని మోడల్ ఫైల్, పేరు కూడా మార్చలేదు. మొహాలు బాగుచేయడానికి 2021లో కొందరు పరిశోధకులు బయటపెట్టిన ఏఐ మోడల్ అది, ఎవరైనా నెట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. అది 70,000 మొహాల ఫోటోలు చూసి నేర్చుకుంది. 720 బై 576 ఫ్రేములో దూరంగా నిలబడ్డ మనిషి మొహం అంటే 40 పిక్సెల్స్ వెడల్పు కూడా ఉండదు. అందులో లేని వివరం గాల్లోంచి రాదు, ఆ 70,000 మొహాల్లో చూసినదాన్ని బట్టి ఇక్కడ కన్ను ఇలా ఉండొచ్చు, పన్ను ఇలా ఉండొచ్చు అని అది గీసి పెడుతుంది. పుట్టుమచ్చని మరకనుకుని తుడిచేస్తుంది. ఆ 70,000లో మా అమ్మమ్మ లేదు. ఇది ఆ మోడల్ చేసినవాళ్ల తప్పని నేననను. "ఉన్నది ఉన్నట్టుగా పునరుద్ధరణ" అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మిన వీళ్లది తప్పు.

తర్వాత కదలిక. అమ్మమ్మ చెయ్యి ఊపుతూ "రా రా" అని పిలిచే చోట చెయ్యి ముందుకీ వెనక్కీ గజగజ వణుకుతోంది. మొదట నా కంప్యూటర్ స్లో అనుకున్నా. కాదు, ఒక్కో ఫ్రేమ్ ఆపి చూస్తే తెలిసింది. పాత టేపులో ఒక ఫ్రేమ్ అంటే రెండు ఫీల్డులు, సరి గీతలొకసారి బేసి గీతలొకసారి, సెకనుకి 25 ఫ్రేములంటే 50 ఫీల్డులు. వాటిలో ఏది ముందు ఏది తర్వాత అన్నది తెలియాలి. డీవీలో కింది ఫీల్డ్ ముందొస్తుంది. ఈ పని చేసే ఎవర్నడిగినా చెప్పే మొదటి పాఠం ఇది. వీళ్ల సాఫ్ట్‌వేర్ పై ఫీల్డ్ ముందనుకుని విడదీసింది, అంటే చెయ్యి మూడడుగులు ముందుకి వెళ్లి ఒకడుగు వెనక్కి వస్తుంది. దాని మీద మళ్లీ మధ్య ఫ్రేములు సొంతంగా పుట్టించింది, దాంతో చెయ్యి మొహం ముందు నుంచి వెళ్లినప్పుడు గాజులు బుగ్గకి అతుక్కుపోయి సాగుతున్నాయి. అసలు ఫైల్ ఉండుంటే ఒక్క సెట్టింగ్ మార్చి సరిచేసుకునేవాణ్ని. ఇప్పుడు ఆ ఫీల్డులే లేవు, రెండూ కలిసి ముద్దయిపోయాయి. ఇంకోటి, డీవీ ఫైల్లో ప్రతి ఫ్రేముతో పాటు ఆ రోజు తేదీ, టైము రికార్డై ఉంటాయి. అదీ పోయింది. అది ఏ రోజు తీశారో చెప్పగలిగే మనిషి ఇప్పుడు ఇంట్లో లేరు.

ఇక వాళ్ల ఆవిష్కరణ సంగతి. బ్రోచర్‌లో ఏం రాశారంటే, "మేం కనిపెట్టిన ప్రత్యేక పద్ధతిలో ఫ్రేమ్‌ని చిన్న చిన్న గళ్లుగా కోసి, కొసైన్ గణితంతో కుదించి, ముందు ఫ్రేముకీ దీనికీ తేడా మాత్రమే దాస్తాం" అని. అయ్యా, ఆ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ నాసిర్ అహ్మద్, నటరాజన్, కె.ఆర్. రావు 1974లో పేపర్ వేసి ప్రపంచానికి ఇచ్చేశారు. గళ్లు, తేడాలు అన్నీ కలిపి 1993లోనే ఎంపెగ్-1 అనే వీడియో కుదింపు స్టాండర్డ్‌లో ఉన్నాయి. అది మీరు కనిపెట్టారా?

నాకు కొనేముందు ఇవి గుర్తుకు రాలేదు, అదే బాధ. కాలేజీలో చదివినవే. యాడ్‌లో మెరుపు చూసి బుర్ర పక్కన పెట్టేశా.

వాళ్లిచ్చిన ఫైల్‌ని మీడియాఇన్ఫోలో తెరిచా. ఉచిత టూల్, ఫైల్ లోపల ఏముందో వరసగా చూపిస్తుంది. "రైటింగ్ లైబ్రరీ" అన్న చోట ఎక్స్264 కోర్ అని ఉంది, అది వీడియోని కుదించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. "రైటింగ్ అప్లికేషన్" దగ్గర లావ్ఎఫ్ అని ఉంది, అంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో టూల్. కింద సెట్టింగుల వరస చూస్తే క్యాబాక్=1, రెఫ్=3, బీఫ్రేమ్స్=3, సబ్‌ఎంఈ=7, సీఆర్ఎఫ్=23.0. తెలిసినవాళ్లకి ఇది చాలు. ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ఎక్స్264ని వదిలేస్తే వచ్చే డిఫాల్ట్ అంకెలవి. మా అమ్మమ్మ వీడియో కోసం వాళ్లు ఒక్క అంకె కూడా మార్చలేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని ఫాబ్రిస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టాడు, అప్పట్నుంచి ఎంతమంది కలిసి రాశారో, ఎవరైనా వాడుకోవచ్చు, వాడి అమ్ముకోవచ్చు కూడా, అందులో తప్పు లేదు. లైసెన్స్ ప్రకారం చెప్పి వాడాలి, అంతే. వీళ్ల "అబౌట్" పేజీ మొత్తం వెతికా, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అన్న మాట ఒక్కచోట లేదు. "మా సొంత ఇంజిన్" అన్నది మాత్రం మూడు చోట్ల ఉంది.

ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి. నిన్న సాయంత్రం సపోర్ట్ చాట్‌లోకి వెళ్లా. గొడవ పడాలని కాదు, నిజంగా. వాళ్ల సర్వర్లో ఎక్కడైనా నా అసలు ఫైల్ కాపీ మిగిలి ఉందేమోనని ఒక్క ఆశ. నలభై నిమిషాలు ఆగితే ఒకతను వచ్చాడు. జరిగిందంతా చెప్పా. మెసేజ్ టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ కదులుతున్నాయి. చివరికి వచ్చిన జవాబు: "మీరు టిక్ తియ్యలేదు సర్, షరతులకి ఒప్పుకున్నట్టే."

టిక్ పెట్టింది నేను కాదు కదండీ, మీరే పెట్టి ఉంచారు కదా అన్నా. జవాబు లేదు. పోనీ మొహం మార్చకుండా చేసే దారి ఉందా అనడిగా. "మార్చలేదు సర్, మెరుగుపరిచాం" అన్నాడు. ఆవిడ మా అమ్మమ్మ, ఆవిడకి పుట్టుమచ్చ ఉండాలి అన్నా. దానికి అతను రాసింది అక్షరం మార్చకుండా పెడుతున్నా:

"ఆ వీడియో మీద అంత ప్రేముంటే బ్యాకప్ పెట్టుకునేవారు సర్."

ఎంతసేపు ఆ లైన్ చూస్తూ కూర్చున్నానో నాకే తెలీదు. ఎందుకంటే అందులో కొంచెం నిజం ఉంది. బ్యాకప్ పెట్టుకోలేదు, తప్పు నాదే, ఎవరైనా అడిగితే ఒప్పుకుంటా. కానీ అనాల్సింది అతనా? చెరిపేసిన చేత్తోనే నా ప్రేమెంతో కొలుస్తాడా? ఫైల్ పోయినప్పుడు ఏడుపు రాలేదు, ఈ మాటకి వచ్చింది.

కాసేపయ్యాక తేరుకుని, ఎక్స్264 జీపీఎల్ లైసెన్స్‌లో ఉంటుంది, అంటే దాన్ని కలిపి పంచే సాఫ్ట్‌వేర్ కోడ్ కూడా బయటపెట్టాలి, లేదంటే కమర్షియల్ లైసెన్స్ కొనుక్కోవాలి, ఆ రెండిట్లో మీది ఏది అనడిగా. "అది మా కంపెనీ రహస్యం." పేటెంట్ పెండింగ్ అన్నారు కదా, అప్లికేషన్ నంబర్ చెప్పండి, పేటెంట్లు వెతికే ఎస్పాసెనెట్ సైట్‌లో చూసుకుంటా అన్నా. చాట్ కట్ చేశాడు. ఉదయానికి నా అకౌంట్ "సమీక్షలో ఉంది" అని లాక్ అయింది.

అకౌంట్ లాకయితే ఇంటరాక్టివ్ ఆల్బమ్ కూడా పోయినట్టే, ఇదింకో దెబ్బ. మూడు వారాలు రోజూ రాత్రి కూర్చుని ఎవరి మీద నొక్కితే ఎవరి పేరు రావాలో 212 చోట్ల గుర్తులు పెట్టా, అమ్మ చేత ఒక్కొక్కరి గురించి రెండు మాటలు చెప్పించి రికార్డ్ చేశా. ఎక్స్‌పోర్ట్ కొడితే వెబ్ పేజీ ఫైల్ ఒకటి వచ్చింది, హమ్మయ్య చేతిలో ఉంది అనుకున్నా. అది నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పది లైన్లు. గుర్తులు, గొంతులు అన్నీ వాళ్ల సర్వర్ నుంచి తెచ్చుకునే లింకులే. ఇప్పుడు తెరిస్తే తెల్ల పేజీ. బ్రౌజర్‌లో వీడియో మీద నొక్కితే ఏదో ఒకటి జరగడం ఇవాళ ఎవరూ కనిపెట్టక్కర్లేని పని, మామూలు హెచ్‌టీఎంఎల్ వీడియో ట్యాగ్, టైము ప్రకారం మాటలు పెట్టుకోవడానికి వెబ్‌వీటీటీ ఫైల్, కొంచెం జావాస్క్రిప్ట్ ఉంటే మన కంప్యూటర్లోనే నడుస్తుంది. అలా చేసిస్తే మనం వాళ్లని వదిలి వెళ్లిపోతాం కదా, అందుకని చెయ్యరు.

డబ్బు వెనక్కి రావడానికి కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టా, చాట్ స్క్రీన్‌షాట్లూ మీడియాఇన్ఫో వివరాలూ జతచేశా. ఏమవుతుందో చూడాలి.

మీరు ఇలాంటిది ఏదైనా కొనాలనుకుంటే ముందు అసలు ఫైల్ రెండు చోట్ల దాచి, ఒకదాన్ని కంప్యూటర్ నుంచి పీకేసి పక్కన పెట్టండి. ట్రయల్‌లో పనికిరాని చిన్న క్లిప్ ఇచ్చి చూడండి, వచ్చిన ఫైల్‌ని మీడియాఇన్ఫోలో తెరవండి. పేటెంట్ అంటే నంబర్ అడగండి, పెండింగ్ అంటే అర్జీ పెట్టారని మాత్రమే, ఇచ్చేశారని కాదు. ఎక్స్‌పోర్ట్ చేసింది నెట్ ఆపేసి తెరిచి చూడండి. మొహాలు బాగుచేసే ఆప్షన్ ఉంటే ఆపేయండి, మసగ్గా ఉన్నా మనవాళ్ల మొహమే ఉండనివ్వండి. ఇప్పటికే కొనేసినవాళ్లు ఈ క్షణమే ఆ ఆప్టిమైజ్ టిక్ తీసేయండి.

ఇందాక అమ్మ పాత ఫోన్ వెతికితే, టేపు ఎక్కించిన రోజున నేను వాట్సాప్‌లో పంపిన ముక్క ఒకటి దొరికింది. 14 సెకన్లు. గళ్లు గళ్లుగా ఉంది, గొంతు కూడా చివర్లో తెగిపోయింది. అమ్మమ్మ చెయ్యి ఊపి, నవ్వొచ్చి, కొంగు అడ్డం పెట్టుకుంటుంది. గడ్డం మీద మచ్చ కనిపిస్తోంది. మూడు చోట్ల కాపీ పెట్టా.